వాచీలో 1600 మీటర్లు, గ్రౌండ్‌లో 1568: జీపీఎస్ వాచీ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

నల్లగొండ అయినా, పాలమూరు అయినా, తెల్లవారుజామున గ్రౌండ్‌కు వెళ్తే ఒక మాట తప్పక చెవిన పడుతుంది: "నీ దాంట్ల ఎంత చూపిస్తుంది?" ఇద్దరు పక్కపక్కన ఉరికారు, ఒకే గీత దగ్గర ఆగారు. ఒకరి వాచీలో 1.60 కిలోమీటర్లు, ఇంకొకరి దాంట్లో 1.64. ఎక్కువ ఖరీదున్నదే నిజం చెప్తుందని ఒకరంటారు, రెండూ తప్పేనని పక్కనున్నవాళ్ళంటారు. కానిస్టేబుల్, ఎస్సై ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్ళకు ఈ 40 మీటర్లు చిన్న సంగతి కాదు. సైకిల్ మీద హాలియా మీదుగా సాగర్ దాకా వెళ్ళొచ్చేవాళ్ళు మాత్రం ఆ తేడాను పట్టించుకోరు. వాళ్ళ బాధ వేరు: తిరుగుదారిలో వాచీ ఆరిపోవడం.

అందుకే ఒకే వాచీ ఇద్దరికీ మంచిదని చెప్పడం కష్టం. తెర మీద వరసగా కనిపించే దూరం, వేగం, గుండె వేగం, ఎత్తు అనే అంకెలన్నీ ఒక్క చోట పుట్టవు. ఒకటి ఉపగ్రహం నుంచి వస్తుంది, ఒకటి చర్మం మీద పడే పచ్చ వెలుగు నుంచి, మరొకటి గాలి పీడనం నుంచి. దేని తప్పు దానిది. ఏ అంకెను నమ్ముకొని మీ పరుగును, మీ రైడ్‌ను నడుపుతారో తేలితే, డబ్బు ఏ సెన్సార్ మీద పెట్టాలో తేలినట్టే.

పెట్టె మీద రాసిన 'జీపీఎస్' ఏ జీపీఎస్?

రెండు మూడు వేలకు దొరికే స్మార్ట్‌వాచీల పెట్టెల మీద కూడా జీపీఎస్ అని ఉంటుంది. వాటిలో చాలావాటికి సొంత రిసీవర్ ఉండదు. జేబులో ఉన్న ఫోన్‌ను బ్లూటూత్ ద్వారా అడిగి, అది చెప్పిన చోటును రాసుకుంటాయి. దీన్ని 'కనెక్టెడ్ జీపీఎస్' అంటారు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తే ఇలాంటి వాచీ అడుగులు లెక్కపెట్టి, అడుగు పొడవును ఊహించి దూరం చెప్తుంది. జాగింగ్‌లో వేసే అడుగు, ఆఖరి 200 మీటర్లలో సాగదీసి వేసే అడుగు ఒకటి కావు కాబట్టి ఆ ఊహ పదేపదే తప్పుతుంది. సైకిల్ మీదైతే అసలు అడుగులే ఉండవు.

సొంత రిసీవర్ ఉన్నవాటిని 'బిల్ట్-ఇన్ జీపీఎస్' అంటారు. వీటిలో మళ్ళీ రెండు రకాలు: ఒక్క ఫ్రీక్వెన్సీ మీద వినేవి, రెండు ఫ్రీక్వెన్సీల మీద వినేవి. రెండో రకాన్ని 'డ్యూయల్ ఫ్రీక్వెన్సీ' అనో 'మల్టీబ్యాండ్' అనో అమ్ముతారు. 'అయిదు ఉపగ్రహ వ్యవస్థలు' అని రాసి ఉంటే అది ఇంకో సంగతి. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, జపాన్ క్యూజెడ్‌ఎస్‌ఎస్‌లను కూడా వింటుందని దాని అర్థం. ఒక్క ఫ్రీక్వెన్సీ వాచీ కూడా అయిదింటినీ వినగలదు. ఈ రెండు మాటలను ఒకటిగా చదివి మోసపోయేవాళ్ళు చాలామంది.

మరో అపోహ, సెల్ టవర్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్నది. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్ళాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోతాయి, వాచీ మాత్రం దారి రాస్తూనే ఉంటుంది. అది వినేది ఉపగ్రహాన్ని, సిమ్‌ను కాదు. నెట్ లేకపోవడం వల్ల ఇబ్బంది మొదట్లోనే. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పట్టికను వాచీ మామూలుగా ఫోన్ యాప్ నుంచి ముందే దించుకుంటుంది. చాలా రోజులు సింక్ చేయకపోతే ఆ పట్టిక పాతబడి, కొత్తదాన్ని ఆకాశం నుంచే వినాల్సి వస్తుంది. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన స్థానం వివరాలను 30 సెకన్లకొకసారి పంపుతుంది. అన్ని ఉపగ్రహాల పూర్తి జాబితా అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. 'సిగ్నల్ రాలేదు' అని మొదటి కిలోమీటర్ వంకర గీతతో మొదలయ్యే రికార్డులకు ఎక్కువసార్లు కారణం ఇదే.

నేరుగా ఉరికినా దూరం ఎందుకు పెరుగుతుంది

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ అణు గడియారం టైమును పంపుతూ ఉంటాయి. ఆ సంకేతం ఎంత ఆలస్యంగా చేరిందో చూసి వాచీ దూరం కడుతుంది. ఇలా కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే తానెక్కడుందో తేల్చుకుంటుంది. కాంతిలాగే ఆ సంకేతం కూడా సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, టైములో 10 నానోసెకన్లు తేడా వస్తే చోటులో 3 మీటర్లు తేడా. చేతికి కట్టుకునేంత చిన్న యాంటెన్నాతో, చేయి ఊగుతుండగా, ఇంత సన్నని లెక్క జరుగుతున్నదంటే అదే పెద్ద విశేషం.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మీరు సెకనుకు 3.6 మీటర్ల వేగంతో తిన్నగా ఉరుకుతున్నారు. సెకనుకో చుక్క పెట్టే వాచీ ప్రతిసారీ వెనకటి చుక్కకు 1 మీటరు పక్కకు జరిగి, ఒకసారి ఎడమకు, మరోసారి కుడికి చుక్క పెట్టిందనుకుందాం. ముందుకు 3.6, పక్కకు 1: రెండు చుక్కల మధ్య ఏటవాలు గీత 3.74 మీటర్లు అవుతుంది. అంటే దూరం దాదాపు 4 శాతం పెరిగింది. అదే పక్క తప్పు సైకిల్ మీద, సెకనుకు 8 మీటర్ల వేగంలో జరిగితే గీత 8.06 మీటర్లు. పెరిగింది 1 శాతం లోపే. వాచీ అదే, తప్పు అదే, కానీ పరుగులో దాని దెబ్బ అయిదు రెట్లు. అసలు వాచీలు ఈ వంకరలను సరిచేసే లెక్కలు వాడతాయి కాబట్టి తప్పు ఇంతకన్నా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మలుపుల దగ్గర ఇది తిరగబడుతుంది. బ్యాటరీ మిగలడానికి కొన్ని వాచీల్లో 'స్మార్ట్ రికార్డింగ్' ఉంటుంది, ప్రతి సెకనూ కాకుండా కొన్ని సెకన్లకొక చుక్క పెడుతుంది. 400 మీటర్ల ట్రాక్ వంపులో 20 మీటర్లకొక చుక్క పడితే, వంపు బదులు తిన్నని గీత గీస్తుంది కాబట్టి 20 మీటర్లు 19.75 అవుతాయి. వంపు ఎంత ఇరుకైతే కోత అంత ఎక్కువ. శ్రీశైలం ఘాట్ లాంటి రోడ్డు మీద సైకిల్ దూరం తగ్గి కనిపించడానికి ఇదో కారణం. సెట్టింగ్స్‌లో 'ఎవ్రీ సెకండ్' అనే ఎంపిక ఉందో లేదో చూడటం ఇందుకే.

ఈవెంట్స్ లెక్క: 7 నిమిషాల 15 సెకన్లలో 2 శాతం విలువ

తెలంగాణ పోలీస్ నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్ళు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. మగవాళ్ళ లెక్కన కిలోమీటరుకు 4 నిమిషాల 32 సెకన్లు, ఆడవాళ్ళ లెక్కన 6 నిమిషాల 40 సెకన్లు.

ఒక అబ్బాయి వాచీ 2 శాతం ఎక్కువ చూపిస్తున్నదనుకుందాం. వాచీలో 1600 పడేసరికి 7 నిమిషాల 10 సెకన్లు. అయిదు సెకన్లు మిగిలాయని సంతోషం. కానీ అతను నిజంగా ఉరికింది 1568 మీటర్లే. మిగిలిన 32 మీటర్లు అదే వేగంతో పోవడానికి దాదాపు 9 సెకన్లు కావాలి. అసలు టైము 7 నిమిషాల 19 సెకన్లు. వాచీ ప్రకారం పాస్, గ్రౌండ్‌లో ఫెయిల్. నెలల తరబడి ఇదే తప్పును నమ్మి ప్రాక్టీస్ చేసి, అసలు రోజున నాలుగు సెకన్లతో పోగొట్టుకోవడం ఎంత బాధో చెప్పనక్కర్లేదు.

అయితే ప్రతిసారీ తప్పు వాచీదే కాదు. 400 మీటర్లన్నది మొదటి లేన్‌కే, అదీ లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే. 1.22 మీటర్ల వెడల్పు లేన్లున్న ట్రాక్‌లో రెండో లేన్ చుట్టు 407 మీటర్లు, నాలుగో లేన్ 422. నాలుగో లేన్‌లో నాలుగు చుట్లు తిరిగితే 1600 కాదు, 1690కి దగ్గర. సున్నం గీతల గ్రౌండ్‌లో అయితే చుట్టు పొడవు 400 అన్న నమ్మకమే లేదు. ఇలాంటి పనికి 50 మీటర్ల టేపు, స్టాప్‌వాచ్ కలిసి ఏ ఖరీదైన వాచీకన్నా నమ్మకం. కొన్ని వాచీల్లో 'ట్రాక్ రన్' అనే మోడ్ ఉంటుంది, లేన్ నంబర్ చెప్తే చుట్టును 400 మీటర్ల లెక్కకు సర్దుతుంది. ప్రామాణిక ట్రాక్ మీదే అది పనికొస్తుంది. చెరువు కట్ట పక్కన గీసుకున్న చుట్టుకు కాదు.

హాఫ్ మారథాన్‌లో కూడా ఇలాంటి గొడవే. 21.0975 కిలోమీటర్ల రేసులో వాచీ 21.3 చూపిస్తుంది, నిర్వాహకులు ఎక్కువ ఉరికించారని ఫిర్యాదు. సర్టిఫై చేసిన మార్గాన్ని మలుపుల లోపలి అంచు పట్టుకొని, అతి దగ్గరి దారిలో కొలుస్తారు. పైగా తక్కువ పడకుండా 0.1 శాతం కలుపుతారు. జనంలో పక్కకు తప్పుకుంటూ, నీళ్ళ బల్ల దగ్గరికి జరుగుతూ ఉరికినవాళ్ళు నిజంగానే ఎక్కువ దూరం ఉరుకుతారు. దాని మీద వాచీ తప్పు అదనం.

రెండు ఫ్రీక్వెన్సీలు ఇక్కడ అవసరమా?

దీని మీద అనుభవం ఉన్నవాళ్ళలోనే రెండు మాటలున్నాయి. ఒక వాదన: మన దగ్గర ఆకాశం తెరిచి ఉంటుంది, వరి పొలాల మధ్య రోడ్డు, చెరువు కట్ట, హైవే, ఇక్కడ సంకేతానికి అడ్డమేముంది, దానికోసం ఎక్కువ డబ్బెందుకు? ఇందులో నిజముంది. తెరిచిన చోట మంచి ఒక్క ఫ్రీక్వెన్సీ వాచీకీ, డ్యూయల్ వాచీకీ తేడా చాలా తక్కువ.

రెండో వాదన సంకేతం తగిలి మళ్ళే చోట్ల గురించి. గుట్ట బండలు, ఎత్తయిన గోడలు, ఫ్లైఓవర్లు సంకేతాన్ని అద్దంలా తిప్పికొడతాయి. తిరిగి వచ్చినది ఆలస్యంగా చేరుతుంది కాబట్టి వాచీ తాను వేరే చోట ఉన్నానని అనుకుంటుంది. ఆ రెండు ఫ్రీక్వెన్సీల్లో పాతదైన ఎల్1 సంకేతంతో పోలిస్తే, కొత్తదైన ఎల్5 సంకేతంలోని కోడ్ పది రెట్లు వేగంగా నడుస్తుంది. అందుకే తిన్నగా వచ్చినదాన్నీ, బండకు కొట్టుకొని వచ్చినదాన్నీ వేరుచేయడం ఎల్5లో సులువు. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్ల మీద, నల్లమల చెట్ల కింద ప్రాక్టీస్ చేసేవాళ్ళకు, హైదరాబాద్ వీధుల్లో రేసులకు వెళ్ళేవాళ్ళకు ఇది పనికొచ్చే గుణమే. ఎక్కువగా సైకిల్ తొక్కేవాళ్ళకు దీని మీద పెట్టే డబ్బు ఇంకో చోట పెడితే మేలు. ఎక్కడో కింద చూద్దాం.

జీపీఎస్ లాంటి మన దేశపు సొంత వ్యవస్థ నావిక్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఇస్రో మొదటి తరం నావిక్ ఉపగ్రహాలు ఎల్5, ఎస్ బ్యాండ్‌ల మీదే మాట్లాడతాయి కాబట్టి ఎల్1 మాత్రమే వినే వాచీకి అవి వినబడవు. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 సంకేతం కూడా మొదలైంది. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. నావిక్ ఉండటం మంచిదే, కానీ ఆ ఒక్క మాట చూసి వాచీ ఎంచుకునే స్థితి ఇంకా రాలేదు.

గుండె వేగం: మణికట్టు మీద ఒకటి, ఛాతీ మీద ఒకటి

వాచీ కింద వెలిగే పచ్చ లైటు చర్మంలోకి పోయి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి తిరిగొస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ వెలుగు కొద్దిగా మారుతుంది, ఆ మార్పునే వాచీ లెక్కపెడుతుంది. ఛాతీకి కట్టుకునే చెస్ట్ స్ట్రాప్ గుండె పుట్టించే విద్యుత్తునే పట్టుకుంటుంది. ఆ మూలంలోనే వీటి తేడా అంతా ఉంది.

నిదానంగా, ఒకే వేగంతో ఉరికినంతసేపు మణికట్టు సెన్సార్ బాగానే చెప్తుంది. 400 మీటర్ల రిపీట్లు, అంటే ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ వేగంగా ఉరికే చుట్లు, వేసేటప్పుడు మాత్రం వెనకబడుతుంది. గుండె పైకెక్కాక కొన్ని సెకన్లకు గానీ అంకె ఎక్కదు, దిగాక గానీ దిగదు. ఇంకో తప్పు మరీ మోసపూరితం. వాచీ వదులుగా ఉంటే చేయి ఊపును గుండె చప్పుడుగా అనుకుంటుంది. తేలికపాటి జాగింగ్‌లో కూడా 170, 175 చూపిస్తూ, అది మీ నిమిషానికి అడుగుల అంకెతో సరిపోతుంటే, మీరు చూస్తున్నది గుండెను కాదు, కాళ్ళను. మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైకి జరిపి బిగిస్తే చాలామటుకు తగ్గుతుంది. సన్నని చేతులకు పెద్ద డయల్ వాచీ సరిగ్గా అతుక్కోక వెలుగు పక్కనుంచి లీకవుతుంది కాబట్టి, సైజు అందం కోసం కాదు, కొలత కోసం చూడాలి.

సైకిల్ మీద కథ మారుతుంది. హ్యాండిల్‌బార్ పట్టుకున్న చేయి బిగుసుకొని, మణికట్టు వంగి, రోడ్డు అదురంతా నేరుగా సెన్సార్‌కు తగులుతుంది. పైగా తొక్కుతూ చేయి తిప్పి చూసుకోవడం హైవే మీద ప్రమాదం. వాచీని విప్పి హ్యాండిల్‌కు మౌంట్ చేస్తే తెర కళ్ళముందుంటుంది, గుండె వేగం పోతుంది. డ్యూయల్ ఫ్రీక్వెన్సీలో మిగిలిన డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే: ఒక చెస్ట్ స్ట్రాప్. దాని ఎలక్ట్రోడ్లను నీళ్ళతో తడిపి కట్టుకోవాలి. పొడిగా కడితే చెమట పట్టేదాకా, అంటే మొదటి పది నిమిషాలు, పిచ్చి అంకెలు వస్తాయి.

స్ట్రాప్ కొనేముందు అది ఏ భాష మాట్లాడుతుందో చూడాలి. సెన్సార్లు బ్లూటూత్‌లో గానీ, ఆంట్ ప్లస్‌లో గానీ, రెండింటిలో గానీ పంపుతాయి. ఆపిల్ వాచ్, కోరోస్ పేస్ 3 లాంటివి ఆంట్ ప్లస్ వినవు. స్నేహితుడి పాత ఆంట్ ప్లస్ సెన్సార్ తక్కువకు వచ్చిందని తీసుకుంటే వాటికి కలవదు.

సైకిల్‌కు కావాల్సినవి రన్నింగ్ వాచీలో ఉంటాయా?

పేరుకు 'సైక్లింగ్ మోడ్' లేని వాచీ ఉండదు. ఆ మోడ్ ఏయే సెన్సార్లను కలుపుకుంటుందన్నదే అసలు ప్రశ్న. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, 165 లాంటి కొన్ని రన్నింగ్ వాచీలు, తొక్కే బలాన్ని కొలిచే సైకిల్ పవర్ మీటర్‌ను తీసుకోవు. ఇవాళ పవర్ మీటర్ లేకపోయినా, రెండేళ్ళ తర్వాత కొనే ఆలోచన ఉంటే ఇది ఇప్పుడే చూసుకోవాల్సిన సంగతి.

దూరం పక్కాగా కావాలంటే చక్రం హబ్‌కు తగిలించే స్పీడ్ సెన్సార్ ఉంటుంది, చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. దీనికి టైరు చుట్టుకొలత సరిగ్గా చెప్పాలి. 700×25 టైరుకు మామూలుగా 2105 మిల్లీమీటర్లు, 700×28కి 2136. టైరు 28 వేసుకొని సెట్టింగ్ 25దే ఉంచితే, 100 కిలోమీటర్లు తొక్కినప్పుడు 98.5 చూపిస్తుంది. పట్టికను నమ్మేకన్నా, వాల్వ్ దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, సైకిల్ మీద కూర్చొని మూడు చుట్లు దొర్లించి, కొలిచి మూడుతో భాగిస్తే మీ బరువుకు, మీ గాలికి తగిన అంకె వస్తుంది.

వారంలో అయిదు రోజులు సైకిలే అయితే వాచీకన్నా సైకిల్ కంప్యూటర్ మేలనే వాదన బలమైనది: తెర పెద్దది, బటన్లు గ్లవుజులతో నొక్కవచ్చు, మ్యాప్ కనబడుతుంది. పరుగు కూడా ఉన్నప్పుడు రెండు వస్తువులు కొనడం ఎందుకన్నదీ న్యాయమైన మాటే. పొద్దు పరుగు, ఆదివారం రైడ్ అయితే వాచీ ప్లస్ స్ట్రాప్ ప్లస్ హ్యాండిల్ మౌంట్ సరిపోతుంది.

ఇంటి నుంచి ఇంటికి, 27 మీటర్లు ఎత్తు ఎక్కడిది?

ఉపగ్రహాలన్నీ తల పైనే ఉంటాయి, కాళ్ళ కింద ఉండవు. అందుకే జీపీఎస్ ఎత్తు, దూరం కన్నా బాగా తప్పుతుంది. మంచి వాచీల్లో దీనికోసం బారోమీటర్ ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది: మన ప్రాంతపు ఎత్తులో, వేడిలో 1 హెక్టోపాస్కల్ తగ్గితే దాదాపు 9 మీటర్లు ఎక్కినట్టు.

కానీ పీడనం రోజూ తనంతట తానే మారుతుంది. ఉష్ణమండలంలో ఉదయం పదింటి ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో తక్కువగా ఉంటుంది, తేడా సుమారు 3 హెక్టోపాస్కల్స్. పదింటికి ఇంటి నుంచి బయల్దేరి నాలుగింటికి అదే ఇంటికి చేరితే, వాచీ సరిచేసుకోకపోతే, మీ ఇల్లు 27 మీటర్లు పైకి లేచినట్టు చూపిస్తుంది. ఇక చెమట, దుమ్ము చేరి బారోమీటర్ సన్న రంధ్రం మూసుకుంటే చదును రోడ్డు మీద కూడా గుట్టలు పుడతాయి. మంచినీళ్ళతో కడిగితే సరి. పిన్నుతో పొడిస్తే సెన్సార్ పోతుంది.

బ్యాటరీ గంటలు, మే నెల ఎండ

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే గంటలు సాధారణంగా అతి పొదుపు మోడ్‌వి. గార్మిన్ ఫోర్‌రన్నర్ 265నే చూడండి: జీపీఎస్ మాత్రమే అయితే 20 గంటల దాకా, అన్ని ఉపగ్రహ వ్యవస్థలతో 16, మల్టీబ్యాండ్‌తో 14. కొత్త బ్యాటరీతో కంపెనీ చెప్పే లెక్కలివి.

గడువులోపు పూర్తిచేయాల్సిన దూర సైకిల్ రైడ్లను బీఆర్‌ఎం అంటారు. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం రైడ్‌కు గడువు 13 గంటల 30 నిమిషాలు. తెర వెలుగు, దారి చూపించడం, సెన్సార్ల కనెక్షన్, పాతబడిన బ్యాటరీ అన్నీ కలిపి చెప్పినదాంట్లో 70 శాతం చేతికొస్తుందనుకుంటే, మల్టీబ్యాండ్‌లో 10 గంటల లోపే ఆరిపోతుంది. జీపీఎస్ మాత్రమే పెడితే 14 గంటలు, అంచు మీద గట్టెక్కుతుంది. తెరిచిన హైవే మీద ఆ సాదా మోడ్‌తో పోయేదేమీ లేదు. మల్టీబ్యాండ్‌ను పరుగుకు, సాదా జీపీఎస్‌ను దూర రైడ్‌కు వాడుకోగలగడం, అంటే ఆటకొక మోడ్ విడిగా పెట్టుకునే వీలుండటం, ఒకే వాచీతో రెండూ చేసేవాళ్ళకు పెద్ద సౌకర్యం.

పవర్‌బ్యాంక్‌తో దారిలో చార్జింగ్ పెట్టుకోవచ్చు కానీ, మేలో కాదు. ఇలాంటి వాచీలకు 45 డిగ్రీల లోపే చార్జ్ చేయాలన్న హద్దు మామూలు. నల్లగొండలో గాలే 45 దాటే రోజులుంటాయి, ఎండలో నల్లటి వాచీ ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు చార్జింగ్ నెమ్మదించడం, ఆగిపోవడం చెడిపోవడం కాదు, బ్యాటరీని కాపాడుకోవడం. ఎండలో తెర చదవడానికి రెండు దారులున్నాయి: ఎండ వెలుగునే వాడుకొని ఇంకా స్పష్టంగా కనిపించే ఎంఐపీ తెర, సొంత వెలుగుతో ఎండను ఎదిరించే ఆమోలెడ్. మొదటిది గదిలో వెలవెలబోతుంది, రెండోది బ్యాటరీ తింటుంది.

ఎండాకాలంలో ఇంకో అంకె కూడా కలవరపెడుతుంది. 'వీఓ2 మ్యాక్స్', అంటే ఒళ్ళు ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ హద్దు, తగ్గిందని వాచీ చెప్తుంది. అది కొలత కాదు, వేగాన్నీ గుండె వేగాన్నీ పోల్చి వేసిన అంచనా. వేడిలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి ఫిట్‌నెస్ పడిపోయినట్టు లెక్కేస్తుంది. కొన్ని వాచీలు వాతావరణ వేడిని లెక్కలోకి తీసుకుంటాయి, చాలా తక్కువ ధరవి తీసుకోవు.

కొన్న వారంలోనే బయటపడే తేడాలు

సొంత జీపీఎస్ ఉందో లేదో తెలియడానికి ఫోన్ ఇంట్లో వదిలి ఒక కిలోమీటర్ ఉరికితే చాలు. తర్వాత సింక్ చేసినప్పుడు మ్యాప్ మీద గీత రాకపోతే రిసీవర్ లేనట్టే. దూరం సంగతి తేలాలంటే ఒక్క పరుగు సరిపోదు. ఒకే కొలిచిన దూరాన్ని వేర్వేరు రోజుల్లో అయిదారుసార్లు ఉరికి చూడాలి. ప్రతిసారీ 2 శాతం ఎక్కువ చూపే వాచీతో బతకొచ్చు, లెక్కలో సర్దుకుంటే సరి. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ చూపేదానితోనే కష్టం.

గీతను ఉపగ్రహ చిత్రం మీద పెట్టి రోడ్డుకు పక్కన పడిందని బాధపడేవాళ్ళున్నారు. ఆ చిత్రమే కొన్ని మీటర్లు జరిగి ఉండవచ్చు. తిన్నని రోడ్డు మీద ఒకే అంచు పట్టుకొని వెళ్ళి, అదే అంచున తిరిగి వచ్చి, రెండు గీతలను ఒకదానితో ఒకటి పోల్చడం మేలు. అవి ఒకదాని మీద ఒకటి పడితే సెన్సార్ బాగున్నట్టు. ఒకటి రోడ్డు మీద, ఇంకొకటి పక్క పొలంలో పడితే, వాపసు గడువు దాటకముందే పెట్టెను మళ్ళీ బయటికి తీయాలి.